‘ఇంకా కొంచెమే’ అనొద్దు స్వామీ

(కొండగట్టు పాదయాత్ర బయల్దేరే ముందు రోజు సాయంత్రం, హనుమకొండలో ఒక గుడి మండపంలో హనుమాన్ దీక్షా స్వాములతో, వాళ్ల ఇంటివాళ్లతో ఒక రిటైర్డ్ బస్సు కండక్టర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది.)

మైకు వినబడుతోందా? వెనక ఆ స్తంభం దగ్గర కూర్చున్న స్వాములకు? చెయ్యెత్తండి. ఆఁ, సరే.

నన్ను ప్రవచనం చెప్పమని పిలిచారు. నాకు ప్రవచనాలు రావు. ఇరవై తొమ్మిదేళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టినవాణ్ని. నాకు వచ్చిన మంత్రాలు రెండే. ఒకటి ‘ముందుకు జరగండి’, రెండోది ‘రైట్ రైట్’. (నవ్వులు) మొదటి మంత్రం పాదయాత్రలో చదివితే ఎంత నష్టమో చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

ఈ దారి నాకు కొత్తది కాదు. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, కేశవపట్నం, మానకొండూరు, కరీంనగర్. ఏ స్టేజీలో ఎందరు ఎక్కుతారో, ఎవరు చిల్లర లేదంటారో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. కరీంనగర్‌కు డెబ్బై కిలోమీటర్లు. అక్కణ్నుంచి గంగాధర మీదుగా కొండగట్టుకు ఇంకో ముప్పై ఐదు దాకా ఉంటుంది. రిటైరైన ఏడాది చిన్న హనుమాన్ జయంతికి మాల వేసుకుని, అదే రోడ్డు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టాను. అప్పుడు తెలిసింది, ఈ దారి నేను సగమే చూశానని. కిటికీలోంచి ఊళ్లు కనబడతాయి గానీ, ఏ ఊరికి ముందు నీడ ఉంది, ఏ ఊరి తర్వాత కంకర తేలింది అన్నది పాదానికే తెలుస్తుంది.

పాదయాత్రలో అన్నిటికంటే ఎక్కువ వినబడేది రామనామం అనుకుంటాం. కాదు స్వామీ. ‘ఇంకా కొంచెమే’ అన్న మాట.

నా మొదటి యాత్రలో జరిగింది చెప్తా. మూడో రాత్రి. కేశవపట్నం దాటి మానకొండూరు వైపు పోతున్నాం. ఎడమ మడమ కింద బొబ్బ లేచింది. అడుగు వేసినప్పుడల్లా ఎవరో సూదితో గుచ్చినట్టు ఉంది. ముందు పోతున్న స్వామిని అడిగా, ఇంకెంత ఉంది అని. ‘రెండే కిలోమీటర్లు స్వామీ, వచ్చేసినం’ అన్నాడు. ఓ అరగంట ఈడ్చుకుంటూ నడిచా. ఇంకొకాయన్ని అడిగితే ఆయనా ‘రెండే’ అన్నాడు. మూడో ఆయనైతే ‘అగో, లైట్లు కనబడ్తలేవా?’ అని చెయ్యి చూపించాడు. కనబడ్డాయి. దగ్గరికి పోతే అది రైసుమిల్లు.

ఆ రోడ్డు మీద కిలోమీటర్ రాళ్లన్నీ నోటికొచ్చిన మనిషిని నేను. అయినా నమ్మాను చూడండి! నొప్పిలో ఉన్నవాడు ఏది చెబితే అది నమ్ముతాడు. అందుకే వాడికి అబద్ధం చెప్పకూడదు. రైసుమిల్లు గేటు దాటి ఒక కల్వర్టు గోడ మీద కూలబడ్డా. ఇక లేవదల్చుకోలేదు. తెల్లవారుజామున కరీంనగర్ నుంచి వరంగల్ వచ్చే మొదటి సర్వీసు ఏ టైముకు అక్కడికొస్తుందో కూడా లెక్క వేసుకున్నా. నా పాత బస్సే కదా, టిక్కెట్ కూడా అడగరు.

అప్పుడొక పెద్దాయన వచ్చాడు. పరకాల దిక్కు మనిషి, గొర్లు కాసుకునే ఆయన. చేతిలో కర్ర, భుజం మీద గొంగడి. నన్ను చూసి నిలబడ్డాడు. ఎంతుంది తాతా అని అడిగా. ఆయన వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. ‘ఏడు కిలోమీటర్ల దాక ఉంటది కొడుకా. నీ కాలుతోని మూడు గంటలు పడ్తది. ముందుగాల కాళ్లు సాపు’ అన్నాడు.

నాకు ముందు కోపమొచ్చింది. ఏడా! ఆ తర్వాత, చెబితే మీరు నవ్వుతారేమో, గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. మూడు గంటలంటే మూడు గంటలు. దానికి తగ్గట్టు ఊపిరి పట్టుకోవచ్చు, నీళ్లు దాచుకోవచ్చు, మధ్యలో రెండుసార్లు కూర్చోవచ్చు. రెండు కిలోమీటర్లు అనుకుని ఉన్న ఓపికంతా ఖర్చు పెట్టేసిన మనిషికి మూడో ‘రెండు’ దగ్గర ఏం మిగులుతుంది?

తర్వాత ఆయన ఏడు అన్న మాట మళ్లీ ఎత్తలేదు. ‘గా చింతచెట్టు దాక పోదాం. ఆడ కూసుందాం’ అన్నాడు. పోయాం. నిజంగానే కూర్చున్నాం. ఈ కూర్చోవడం మీద మీరు కొంచెం దృష్టి పెట్టండి. చాలామంది చెట్టు చూపించి నడిపిస్తారు, చెట్టు దగ్గరికి రాగానే ‘మంచిగనే నడుస్తున్నవ్ గదా, ఇంకో చెట్టు దాక పోదాం పా’ అంటారు. అదీ అబద్ధమే, కాకపోతే కొంచెం బెల్లం పూసిన అబద్ధం. తాత అట్ల అనలేదు. చెట్టు కింద గొంగడి పరిచాడు, నా చేత నీళ్లు తాగించాడు, ఆయన గొర్లకు ఎండాకాలం ఎట్లా మేత దొరుకుతుందో చెప్పాడు. లేచాక ఇంకో గుర్తు. ఒక బోరింగు. ఆ తర్వాత ఒక బడి గోడ. మానకొండూరు చేరేసరికి తెల్లారింది. రాత్రంతా ఆయన నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు, ‘శభాష్’ అనలేదు.

కండక్టరుగా నేను చెప్పిన అబద్ధాలు అప్పుడు గుర్తొచ్చాయి లెండి. బస్టాండులో పిల్లను ఎత్తుకున్న తల్లి ‘ఎప్పుడు కదుల్తది సారూ’ అని అడిగితే ‘ఇగో, ఇప్పుడే, ఐదు నిమిషాలు’ అనేవాణ్ని. డ్రైవరు అప్పుడే చాయ్‌కి పోయాడని నాకు తెలుసు. ఇరవై నిమిషాలని చెప్పి ఉంటే ఆ తల్లి దిగి పిల్లకు నీళ్లు పట్టించుకునేది. ఆ ఐదు నిమిషాలన్నీ కలిపి లెక్క కడితే నాకు కొండగట్టులో ఎన్ని ప్రదక్షిణలు బాకీ ఉందో ఆ అంజన్నకే తెలియాలి. (నవ్వులు)

అబద్ధం సంగతి అయింది. ఇంకోటి ఉంది, దీనికంటే పాడుది. అది నేనే చేశాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మూడో ఏడు నన్ను గ్రూపుకు పెద్దను చేశారు. మాతో ఇంటర్ చదివే పిల్లవాడొకడు వచ్చాడు. మొదటి మాల. ఎల్కతుర్తి దాటినప్పటి నుంచి వెనకబడుతున్నాడు. నాకు లోపల టెన్షన్, ఎండ ముదిరేలోపు హుజూరాబాద్ చేరాలి. అందరి ముందూ అన్నా, ‘అగో, అరవై ఏళ్ల మాత నీ ముందట నడుస్తుంది. ఈ వయసులో నీకేమైంది స్వామీ?’ అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ తర్వాత బాణంలా నడిచాడు. అందరికంటే ముందు. నేను పక్కాయనతో గొప్పగా అన్నాను కూడా, ఒక్క మాటతో ఎట్లా లేచాడో చూశారా అని.

హుజూరాబాద్‌లో భిక్షకు కూర్చున్నప్పుడు వాడు కాళ్లు పంచె కింద దాచుకుని కూర్చున్నాడు. ఒక మాత వడ్డిస్తూ చూసింది. రెండు పాదాల కిందా బొబ్బలు పగిలి, తోలు ఊడి, దాని మీద దుమ్ము అంటుకుని గట్టిపడింది. ఆ కాళ్లతో వాడు అంతసేపు నడిచాడు. ఎందుకు? నేను ఇంకోసారి అనకుండా ఉండటానికి. కట్టు కట్టించి బస్సులో కొండగట్టు పంపాం, మాల విరమణ అక్కడే చేసుకున్నాడు. ఇప్పుడు వాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. కనబడితే దూరం నుంచే దండం పెడతాడు. దగ్గరికి మాత్రం రాడు. పాదయాత్రకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇంకొకర్ని చూపించి ఒకర్ని నడిపించొద్దు. ‘చిన్నపిల్లలు నడుస్తున్నారు’, ‘ముసలోళ్లు నడుస్తున్నారు’, ‘పోయినేడు కాలు విరిగినాయన కూడా నడిచిండు’ ... ఈ మాటలు రేపు మన గుంపులో వినబడొద్దు. మనిషి కాలు నొప్పి మనిషిదే. పక్కవాడి కాలు బాగుంటే నా కాలి నొప్పి తగ్గదు కదా.

మరి ఎట్లా నడవాలి? దానికి జవాబు మా నాయిన దగ్గర ఉండేది. ఆయన చిన్నప్పుడు మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవారు. రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి. ఇప్పుడు రోడ్డు పొడుగునా బస్సులు, కార్లు. అప్పుడు ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి ముందుకు పోతే ఇక అడవే. పది ఇరవై బండ్లు ఒక వరుసలో పోయేవట. ఆ వరుసలో ముందు ఏ బండి ఉండాలి? బలమైన ఎడ్ల బండి అనుకుంటాం. మా నాయిన మాట, ముసలి ఎడ్ల బండినే ముందు పెట్టేవాళ్లు. వెనక పెడితే అది ఎక్కడ ఆగిందో ముందున్నవాడికి తెలియదు. చీకట్లో, తాడ్వాయి అడవిలో, ఒంటరిగా మిగిలిన బండి సంగతి ఆలోచించండి. ముసలి ఎడ్లు ముందుంటే ఏ బండీ మిగిలిపోదు. పడుచు ఎడ్లు విసుక్కుంటాయి, ముక్కుతాడు లాగుతాయి, అంతే. జంపన్న వాగుకు ఓ పూట ఆలస్యంగా చేరతారు. సమ్మక్క ఏమన్నా గేటు వేసుకుంటుందా?

మన గుంపులో ఇదే పద్ధతి పెట్టి ఆరేళ్లయింది. మొదట పడుచు స్వాములు గొణిగారు. ఒకాయన నాతో పోట్లాడాడు కూడా, నా నడక నేను నడవకపోతే పిక్కలు పట్టేస్తాయని. అది నిజమే, మరీ మెల్లగా నడిచినా కాళ్లు పట్టేస్తాయి. ఆయనకు ఒక పని అప్పగించాం. ముందుకు పోయి తాగే నీళ్లు, నీడ చూసి వెనక్కి వచ్చి చెప్పడం. పాపం, అందరం వంద నడిస్తే ఆయన నూట ముప్పై నడిచి ఉంటాడు. సంతోషంగా నడిచాడు.

ఇక కాళ్ల సంగతి. ఇది వినండి, మిగతాదంతా మర్చిపోయినా పర్వాలేదు. పొద్దున మూడున్నరకు బయల్దేరి తొమ్మిదిన్నర లోపు ఆగిపోవాలి, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే. మధ్యలో రోడ్డు మీద కాలు పెట్టే పని లేదు. ఎప్పుడైనా ఎండలో చిక్కుకుంటే తారు మీద నడవకండి, పక్కన తెల్ల గీత ఉంటుంది చూడండి, దాని మీద నడవండి. నల్ల తారు ఎండను తాగుతుంది, తెల్ల రంగు తిప్పి కొడుతుంది. అరికాలికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పాదం వెడల్పంత గీత మీద తాడు మీద నడిచినట్టు ఒకరి వెనక ఒకరం పోయిన పూటలు ఉన్నాయి. రోడ్డుకు కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే బండి కళ్లబడుతుంది. కరీంనగర్ దగ్గరికొచ్చే కొద్దీ గ్రానైటు లారీలు ఉంటాయి, ఒక్కో రాయి ఒక గదంత ఉంటుంది. అది పక్కనుంచి పోతే గాలికే మనిషి ఊగుతాడు. రాత్రిపూట వీపు మీద మెరిసే స్టిక్కరు లేకుండా ఎవ్వరూ అడుగు వేయొద్దు. అవి ఇక్కడ సంచిలో ఉన్నాయి, తీసుకుని పోండి.

బొబ్బ లేస్తే పొడవొద్దు. శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డ కట్టి, బిగుతు లేకుండా ప్లాస్టరు వేయండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెద్దదైతే మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం పోసుకుని తాగడం, మిగతాది జేబులో మడిచి పెట్టుకోవడం కాదు. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, చెప్పిందే చెబుతుంటే అది నీరసం కాదు, వడదెబ్బ. అప్పుడు ధైర్యం చెప్పకండి. నీడలో పడుకోబెట్టి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ, 108కి ఫోన్ చేయండి. మన మొండితనానికి దేవుణ్ని సాక్షిగా పిలవొద్దు. కాలినడకన రాలేకపోతే అంజన్న అలుగుతాడని ఎవరు చెప్పారు మనకు?

దారి పక్క జనం గురించి ఒక మాట. చలివేంద్రాలు పెట్టేవాళ్లు, మజ్జిగ పోసేవాళ్లు, పులిహోర పొట్లాలు ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకు దండం. కానీ నాకు గుర్తుండిపోయింది ఒక పంక్చరు షాపు ఆయన. పేరడగలేదు. పదకొండు గంటల ఎండ, మేం లెక్క తప్పి రోడ్డు మీదే ఉన్నాం. గెంతుతూ గెంతుతూ పోతున్నాం. ఆయన ట్యూబు ముంచి గాలి ఎక్కడ పోతుందో చూసే తొట్టి ఉంటుంది కదా, దాంట్లోంచి బకెట్ ముంచి షాపు ముందు గచ్చు మీద కుమ్మరించాడు. ‘నిలబడుండ్రి స్వామీ’ అన్నాడు. ఆ తడి గచ్చు మీద పదిమందిమి నిలబడ్డాం. సల్లగా అరికాలి నుంచి మోకాలి దాకా ఎక్కింది. గచ్చు ఆరుతుంటే ఇంకో బకెట్. మళ్లీ ఇంకోటి. ఏం మాట్లాడలేదు, మా వైపు చూడను కూడా లేదు, మధ్యలో ఒక బైకుకు గాలి కూడా పెట్టాడు. నడిచే మనిషికి ఆ నిమిషంలో ఏం కావాలో అది చూసి ఇచ్చాడు. మనమేమో మన దగ్గర ఏముంటే అది ఇస్తాం. మాటలున్నవాడు మాటలిస్తాడు.

మాటలంటే గుర్తొచ్చింది. పాట వేరు. పాట పాడండి. శ్రీశైలం నడిచిపోయే జనం పర్వత పదాలని పాడుకునేవాళ్లని మన పాలకుర్తి సోమనాథ కవి ఏడెనిమిది వందల ఏళ్ల కిందట రాసి పెట్టాడు. ఆ పాటలు నాకు రావు, మీకూ రావు. భజన వస్తుంది కదా, చాలు. పాటలో ఒక సుఖముంది, అది ఎవరినీ వేలెత్తి చూపించదు. వెనకబడినవాడు కూడా పల్లవి అందుకుంటే గుంపులో ఉన్నట్టే. ఆయన గొంతు ఎంత దూరం నుంచి వస్తుందో విని, ముందువాళ్లు నడక తగ్గించవచ్చు. స్పీకరు పెట్టి సినిమా ట్యూన్ల భజనలు మోగిస్తే మాత్రం ఆ గొంతు వినబడదు. డీజే వద్దని నేనెందుకు గొడవ పెడతానో ఇప్పుడు తెలిసిందా? (నవ్వులు)

అందరికీ తోడు కావాలని కూడా అనుకోవద్దు. ఒక ఏడాది ఒక స్వామి ‘నన్ను ఒక్కణ్నే నడవనియ్యండి’ అన్నాడు. మేం ఊరుకుంటామా? ఒకరి తర్వాత ఒకరం పోయి పలకరించాం. చివరికి చేతులు జోడించాడు. తర్వాత తెలిసింది, ఆ సంక్రాంతికే భార్య పోయింది. ఇద్దరూ కలిసి రావాలని మొక్కుకున్నారట. అప్పుడు ఒక స్వామి ఆయనకు ఇరవై అడుగుల వెనక టార్చిలైటు పట్టుకుని నడిచాడు, రెండు రాత్రులు. దాంట్లో ఒక మెళకువ ఉంది. నేరుగా వెనక నుంచి లైటు వేస్తే ఆయన నీడే ఆయన ముందు పడుతుంది, గుంత కనబడదు. ఒక పక్కకు జరిగి, ఆయన పాదానికి రెండడుగుల ముందు వెలుగు పడేటట్టు పట్టాలి. పట్టేవాడి చెయ్యి గుంజుతుంది. ముందున్నాయన వెనక్కి తిరిగి చూడలేదు, కానీ నడక మార్చాడు, వెలుగు ఎక్కడ పడితే అక్కడే అడుగు వేశాడు.

ఇక ఇంటి సంగతి. దీక్ష నలభై ఒక్క రోజులే. మాల తీశాక కూడా మనుషులు కూలబడుతూనే ఉంటారు, రోడ్డు పక్కన కాదు, ఇళ్లల్లో.

రోడ్డు మీద ‘ఇంకా కొంచెమే’ ఎట్లాగో, ఇంట్లో ‘ఏం కాదు’ అట్లా. మా బామ్మర్ది మిర్చి వేశాడు. పంట వచ్చింది, రేటు పోయింది. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చి రాత్రి నుంచి కాపలా పడుకున్నాడు. నాకు ఫోన్ చేశాడు, గొంతు బాగాలేదు. నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని ‘ఏం కాదురా, ధైర్యంగుండు, అంతా మంచిగైతది’ అన్నా. ఫోన్ పెట్టేశాడు. మా ఇంటామె పక్కనే చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండా అంది, ‘వానికి ఎంత అప్పున్నదో నీకు తెల్వదు, ఎవలకున్నదో తెల్వదు. ఏం కాదని నీకెట్ల తెల్సు?’

చెప్పు తీసుకుని కొట్టినట్టయింది. ఏడేళ్లు పాదయాత్రలో అందరికీ పాఠాలు చెప్పినవాణ్ని, ఇంటికొచ్చేసరికి మళ్లీ కండక్టర్‌నే అయిపోయా. ఐదు నిమిషాల్లో కదుల్తది!

రాత్రి పది దాటాక బండి తీసుకుని ఎనుమాముల పోయా. మార్కెట్ అంతా ఎర్రగా, ఘాటుగా, అడుగు పెడితే తుమ్ములు. వాడు బస్తాల మీద పడుకుని ఆకాశం చూస్తున్నాడు. నేనూ పక్క బస్తా ఎక్కి కూర్చున్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగా, మొత్తం ఎంత అని కాదు, ‘ఈ వారంల ఎవలకియ్యాలె?’ అని. అదే మన చింతచెట్టు. వాడు లేచి కూర్చున్నాడు. ఎరువుల దుకాణం ఒకటి, కూలీలది ఒకటి, చిట్టీ ఒకటి. బ్యాంకుది అంత తొందర లేదు. నా దగ్గర పాత డైరీ ఉంటే దాంట్లో రాశాం. కూలీలది ముందు, ఎందుకంటే వాళ్లకూ ఆ వారమే. చిట్టీ తర్వాత. ఎరువుల దుకాణం అన్నిటికంటే పెద్దది, దానికి గడువు అడగాలి.

పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు రేటు తేల్చే మొదటి వేలం, అయింది. మీకు తెలుసు, జెండా పాట పలికిన రేటు వేరు, మన బస్తా దగ్గరికొచ్చేసరికి పలికే రేటు వేరు. తక్కువకే పోయింది. డబ్బు తీసుకుని ఇద్దరం ఎరువుల దుకాణానికి పోయాం. నా దగ్గర సర్దడానికి డబ్బులేం లేవు, నాది పింఛను బతుకు. ఊరికే పక్కన కూర్చున్నా. వాడు మాట్లాడాడు, నేను తలూపా. షావుకారు మృగశిర దాకా గడువిచ్చాడు. ఇప్పటికి ఆ అప్పు పూర్తిగా తీరలేదు. ఆ రాత్రి నన్ను చూసి వాడు ఏమన్నాడంటే, ‘బావా, నువ్వొస్తవనుకోలే’ అన్నాడు. నేను రానని వాడికి అంత నమ్మకం ఎట్లా కుదిరిందో ఆలోచిస్తూ ఇంటికి వచ్చా.

మా వీధిలో ఒక పిల్లవాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరుగు ప్రాక్టీసు చేసేవాడు. 1600 మీటర్లు. వాళ్ల నాయిన గట్టు మీద నిలబడి వాచీ పట్టుకుని ‘ఉరుకు, ఉరుకు’ అని అరిచేవాడు. పిల్లవాడు నాలుగో రౌండులో ప్రతిసారీ ఆగిపోయేవాడు. ఒకరోజు వాళ్ల చెల్లె చున్నీ నడుముకు కట్టుకుని చివరి రౌండు వాడితో ఉరికింది. ఆ రోజు ఆగలేదు. ఆ ఉద్యోగం వచ్చిందా అంటే, రాలేదు, పరుగు పాసై రాతపరీక్షలో పోయింది. మళ్లీ రాస్తున్నాడు. వాళ్ల నాయిన ఇప్పుడు వాచీ ఇంట్లో పెట్టి వస్తున్నాడు.

ఇంకా చెప్పాలని ఉంది గానీ, మాతలు హారతికి సైగ చేస్తున్నారు. ఒక్క పని చేసి ముగిస్తా.

రేపు ముందు ఎవరు నడవాలి? ఈసారి మన గుంపులో అందరికంటే పెద్ద... ఆఁ, ఆ ఎర్ర అంచు కాషాయం చీర, తులసి కోట పక్కన. అవ్వా, నువ్వే. ఎన్నేళ్లు నీకు? తెల్వదా? మంచిది, నాకూ అవసరం లేదు. ఇటు రా. ఎవరూ చెయ్యి పట్టుకోవద్దు, ఆమెనే రానియ్యండి. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా నీ నడక నడువు. మెల్లగా కాదు, తొందరగా కాదు, పొద్దున పాలకు పోతవు కదా, అట్ల.

చూడండి స్వాములూ. ఎవరూ మాట్లాడకండి, కాళ్లు చూడండి. కుడి కాలు కొంచెం ఈడుస్తోంది. ఇరవై అడుగుల దగ్గర ఒకసారి ఆగింది, చూశారా? ఊపిరి తీసుకుంది. మళ్లీ నడిచింది. ఇంకోసారి నడువు అవ్వా. ఈసారి పడుచు స్వాములు లేచి ఆమె వెనక నడవండి. ఆమె మడమ తొక్కకుండా. ఆఁ, నువ్వు తొక్కుతున్నవ్ స్వామీ, వెనక్కి జరుగు. ఇంకొంచెం.

అది. గంటకు మూడు కిలోమీటర్లు పోతే గొప్ప. రేపు అందరి నడకా ఇదే. మూడున్నరకు ఇక్కడ, స్టిక్కర్లు మర్చిపోవద్దు, అవ్వకు ఒక నీళ్ల సీసా ఎవరు పడతారో ఇప్పుడే చెప్పండి. ఒక్కరు చాలు. అందరూ చేతులెత్తితే రేపు ఎవరూ పట్టరు.